పదమూడో అంతస్తుకు లిఫ్టు



ముందుగా ఒక చప్పుడు గురించి చెప్పాలి. ఈ ప్రసంగంలో పాటలు వినిపించే వీలు లేదు, నేనా పాడేవాణ్ణి కాను. కాబట్టి మీరే ఊహించుకోవాలి. సన్నమూతి కూజాను నీళ్లలో ముంచితే లోపలి గాలి బుడగలై పైకొస్తూ గుడగుడమంటుంది చూడండి, ఆ గుడగుడను నాలుగింతలు వేగం పెంచండి. అందులో కాస్త పావురాల కువకువ కలపండి. దాన్ని గిటార్ల వెనక, డ్రమ్ముల వెనక, గొంతు చించుకుని కేక పెడుతున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడి వెనక, పాట మొదలు నుంచి చివరిదాకా ఆపకుండా మోగించండి. నేను మొదటిసారి విన్నప్పుడు టేపు నలిగిందనుకున్నాను. క్యాసెట్టు బయటికి తీసి, పెన్సిలు పెట్టి తిప్పి, మళ్లీ పెట్టాను. అయినా అదే గుడగుడ.

ఆ చప్పుడు చేసింది ఒక జాడీ. మనం ఆవకాయ పెట్టుకునే జాడీకి దగ్గరి చుట్టమే అనుకోండి. కాకపోతే దాని మూతి సన్నం, మెడ పక్కన పట్టుకోవడానికి ఒక చెవి ఉంటుంది. అమెరికా పల్లెల్లో అందులో నాటుసారా పోసి దాచుకునేవాళ్లు. ఆ జాడీని రాక్ సంగీతంలోకి తెచ్చిన బృందం పేరు థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్. మన మాటల్లో, పదమూడో అంతస్తు లిఫ్టులు. ఊరు టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్. 1965 చివర్లో పుట్టారు, 1969కల్లా లేరు. నాలుగేళ్లు నిండీ నిండని ఆయుష్షు.

జాడీ దగ్గర ఇంకొంచెం ఆగుదాం. అమెరికాలో జాడీ వాయించడం వీళ్లతో మొదలు కాలేదు. 1920లలో మెంఫిస్, లూయీవిల్ నగరాల్లో నల్లజాతి కళాకారులు జగ్ బ్యాండ్లు నడిపేవారు. ట్యూబా అని ఒక పెద్ద ఇత్తడి బాకా ఉంటుంది, మిలిటరీ బ్యాండ్లలో ఒంటికి చుట్టుకుని ఊదుతుంటారు. అది కొనే స్తోమత లేనివాళ్లు జాడీ మూతి దగ్గర పెదవులు బిగించి ఊది, ట్యూబా పలికించే మంద్రస్వరాన్ని రాబట్టేవారు. మన ఘటం విద్వాంసులు మట్టికుండ మీద వేళ్లతో తాళం పలికిస్తే, వాళ్లు గాలి ఊది స్వరం పలికించారు. బీదవాడి ట్యూబా అన్నమాట. ఈ ట్యూబాను కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పనుంది.

మన లిఫ్టుల బృందంలో జాడీ పట్టినవాడు టామీ హాల్. టెక్సస్ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం చదివిన మనిషి. అతనికి ఏ వాయిద్యమూ చెప్పుకోదగ్గంతగా రాదు. అయినా వేదిక మీద ఉండాలి, ఎందుకంటే ఆ బృందం చేత ఏం చెప్పించాలో అతనికే తెలుసు. పాటల మాటల్లో ఎక్కువ భాగం అతనివే. అందుకని జాడీ పట్టాడు. పాతవాళ్లలా ఊదనూ లేదు. దాని మూతికి మైకు ఆనించి, లోపలికి గొంతుతోనే కూసేవాడు. జాడీ కడుపులో ఆ కూత తిరిగి తిరిగి, మైకులోంచి గుడగుడమని బయటపడేది. దానికే ఎలక్ట్రిక్ జగ్ అని పేరు. వాయించడం రానివాడు ఒక బృందానికి గురువై కూర్చోవడం, ఆ గురువు గొంతు ప్రతి పాటలోనూ ఆగకుండా మోగుతూ ఉండడం, ఈ రెండూ అర్థమైతే ఈ కథలో సగం అర్థమైనట్టే.

మిగతా సగం ఆ కేక పెట్టిన కుర్రాడు. అసలు పేరు రోజర్ కైనార్డ్ ఎరిక్‌సన్. రెండు పేర్లలోంచీ మొదటి రెండేసి ఇంగ్లీషు అక్షరాలు తీసి కలిపితే రాకీ. 1947లో పుట్టాడు, ఐదుగురు అన్నదమ్ముల్లో పెద్దవాడు. జుట్టు కత్తిరించుకుంటేనే బడికి రమ్మన్నారని, చదువు పూర్తికావడానికి నెల రోజుల ముందు బడి మానేశాడు. అప్పటికే స్పేడ్స్ అనే చిన్న బృందంలో పాడుతూ, సొంతంగా ఒక పాట కట్టాడు. దాని పేరు యూ ఆర్ గోనా మిస్ మీ. నన్ను పోగొట్టుకున్నాక తెలుస్తుందిలే నీకు, అని ప్రియురాలిని దెప్పే మామూలు ప్రేమపాటే. కానీ అతని గొంతులో ఆ దెప్పుడు ఆర్తనాదంలా ఉంటుంది.

టెక్సస్ సముద్రతీరంలో లింగ్స్‌మెన్ అని ఇంకో బృందం ఉండేది. గిటారు స్టేసీ సదర్లాండ్, డ్రమ్ములు జాన్ ఐక్ వాల్టన్, బేస్ గిటారు బెన్నీ థర్మన్. టామీ హాల్ ఈ ముగ్గురినీ రాకీనీ ఒకచోట చేర్చాడు. పెళ్లిసంబంధం కుదిర్చినవాడే పీటల పక్కన తానూ కూర్చున్నట్టు, జాడీ పట్టుకుని చేరిపోయాడు. ఎలివేటర్స్ అన్న మాట డ్రమ్ముల జాన్ ఐక్‌ది. దానికి పదమూడో అంతస్తును తగిలించింది టామీ భార్య క్లెమెంటైన్. అమెరికాలో చాలా మేడల్లో పన్నెండు తరువాత పద్నాలుగే ఉంటుంది, పదమూడు అరిష్టమని వదిలేస్తారు. మీరు లేదనుకునే అంతస్తుకు మేం తీసుకెళతాం అని పేరులోనే చెప్పారు. ఇంగ్లీషు అక్షరాల్లో పదమూడోది ఎం, అంటే మారిజువానా, గంజాయి. ఈ రెండో అర్థం పోలీసులకు తెలియదని వాళ్లనుకున్నారో లేదో గాని, పోలీసులకు మాత్రం త్వరగానే తెలిసింది.

సైకెడెలిక్ అన్న మాట గురించి రెండు ముక్కలు. మనసు అనే గ్రీకు మాటకు, తేటతెల్లం చేయడం అనే ఇంకో గ్రీకు మాటను అతికించి, 1950లలో హంఫ్రీ ఆస్మండ్ అనే బ్రిటిష్ మనోవైద్యుడు దీన్ని కల్పించాడు. నవలాకారుడు ఆల్డస్ హక్స్‌లీతో ఉత్తరాలు రాసుకుంటూ, ఎల్ఎస్‌డీ వంటి మందులు మనసును ఏం చేస్తాయో చెప్పడానికి పేరు వెతుకుతుంటే దొరికిన మాట. దాన్ని రాక్ సంగీతానికి అంటించిన మొదటివాళ్లలో ఆస్టిన్ కుర్రాళ్లున్నారు. 1966లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్ పేరులోనే ఆ మాట ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోకు పేరు వెళ్లింది, సరుకు మాత్రం ముందు టెక్సస్ నుంచి వచ్చింది. కౌబాయ్‌లూ చమురు బావులూ తప్ప ఇంకేమీ ఉండవనుకునే టెక్సస్ నుంచి!

ఆ ఆల్బమ్ అట్ట వెనక టామీ హాల్ ఒక చిన్న ఉపన్యాసమే అచ్చు వేయించాడు. అరిస్టాటిల్ కాలం నుంచీ మనిషి తన జ్ఞానాన్ని వేరువేరు అరల్లో సర్దుకుని ఆలోచన చెడగొట్టుకున్నాడనీ, ఇప్పుడు మనోస్థితిని రసాయనంతో మార్చుకుని కొత్తగా చూడవచ్చనీ దాని సారాంశం. ఆ తరువాత ఏ పాట దేని గురించో వివరణ. పాట కొనుక్కుందామని వచ్చినవాడికి పాఠ్యపుస్తకం చేతిలో పెట్టినట్టుంటుంది. నాకు ఆ పాటలంటే ఇష్టం. ఆ వివరణలు మాత్రం ఒక్కసారి చదివితే చాలనిపిస్తుంది.

ఈ సిద్ధాంతం కాగితం మీదే ఉండిపోలేదు. వేదిక ఎక్కే ముందు అందరూ ఎల్ఎస్‌డీ తీసుకోవాలన్నది టామీ పెట్టిన నియమం. మత్తు గురించి పాడడం కాదట, ఆ స్థితిలోంచే వాయించాలట. జాన్ ఐక్‌కు ఒకసారి అది వికటించింది, ఇక ముట్టనన్నాడు. దాంతో బృందంలో నమ్మినవాళ్లు ఒకవైపు, డ్రమ్ములు సరిగ్గా మోగితే చాలనుకున్నవాళ్లు ఒకవైపు అయ్యారు.

చట్టం సంగతి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 1966 మొదట్లో ఎల్ఎస్‌డీ దగ్గర ఉంచుకోవడం నేరం కాదు. కాలిఫోర్నియా దాన్ని నిషేధించింది ఆ ఏడాది అక్టోబరులో. గంజాయి విషయంలో మాత్రం టెక్సస్ చట్టం దేశంలోకెల్లా కఠినం. ఎంత కొద్దిగా దొరికినా పెద్ద నేరమే, రెండేళ్ల నుంచి యావజ్జీవం దాకా వేయవచ్చు. 1973లో సవరించేదాకా ఇదే పద్ధతి. ప్రయోగశాలలో పుట్టిన మందు జేబులో ఉంటే ఫరవాలేదు, పొలంలో పెరిగిన ఆకు ఉంటే జైలు. పొడుగు జుట్టుతో, బాహాటంగా మత్తు గురించి మాట్లాడుతూ ఊరేగే ఐదుగురు కుర్రాళ్ల మీద ఆస్టిన్ పోలీసుల కన్ను పడింది. 1966 జనవరిలో, బృందం పుట్టి రెండు నెలలైనా కాకుండానే, గంజాయి కేసులో పట్టుకున్నారు. అప్పటి నుంచి కేసు నీడ వాళ్లను వదల్లేదు.

అదే జనవరిలో రాకీ పాటను కొత్త బృందంతో మళ్లీ రికార్డు చేశారు. హ్యూస్టన్‌లోని ఇంటర్నేషనల్ ఆర్టిస్ట్స్ అనే చిన్న కంపెనీ దాన్ని తీసుకుని దేశమంతా పంపింది. పాట బిల్‌బోర్డు జాబితాలో 55వ స్థానం దాకా ఎక్కింది. వాళ్ల మొత్తం చరిత్రలో చెప్పుకోదగ్గ హిట్టు అదొక్కటే. అమెరికన్ బ్యాండ్‌స్టాండ్ అనే టీవీ కార్యక్రమానికి పిలుపొచ్చింది. దాన్ని నడిపే డిక్ క్లార్క్ మర్యాదగా, మీ బృందానికి హెడ్ ఎవరని అడిగాడు. అందరం హెడ్‌లమే అన్నాడు టామీ. ఆనాటి కుర్రకారు భాషలో హెడ్ అంటే మత్తుకు అలవాటుపడ్డవాడు. మధ్యాహ్నం పిల్లలు చూసే కార్యక్రమంలో ఆ జవాబు సాఫీగా ప్రసారమైపోయింది.

ఆ ఏడాది ఆగస్టులో కాలిఫోర్నియా వెళ్లారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అవలాన్, ఫిల్మోర్ హాళ్లలో వాయించారు. అవలాన్ నడిపిన చెట్ హెల్మ్స్ కూడా టెక్సస్ నుంచి వచ్చినవాడే. అంతకు కొద్ది నెలల ముందు ఆస్టిన్‌లో వీళ్లున్న వేదిక మీదే ఒక అమ్మాయి పాడింది. ఈ బృందంలో చేరదామా అని ఆలోచించింది కూడా. ఇంతలో చెట్ హెల్మ్స్ నుంచి కబురొచ్చి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిపోయింది. ఆ అమ్మాయే తరువాత పేరుమోసిన గాయని జానిస్ జాప్లిన్. రాకీ గొంతు, జానిస్ గొంతు, మధ్యలో ఆ జాడీ! ఆ మూడింటినీ కలిపి వినే యోగం మనకు లేకపోయింది.

కాలిఫోర్నియాలో ఉండిపోతే కథ ఇంకోలా ఉండేదని చాలామంది అంటారు. కానీ కంపెనీ హ్యూస్టన్‌లో, కేసు ఆస్టిన్‌లో. ఏడాది తిరక్కుండా టెక్సస్ వచ్చేశారు. డబ్బు సంగతి సరేసరి. తమకు దక్కింది అరకొరేనని బృందంలోని వాళ్లు ఆ తరువాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

1967లో రెండో ఆల్బమ్ ఈస్టర్ ఎవ్రీవేర్ తయారవుతుండగానే జాన్ ఐక్, అప్పటికి బేస్ వాయిస్తున్న రానీ లెదర్‌మన్ బయటికి వెళ్లిపోయారు. మేనేజర్లతో పడలేదు, టామీ నియమాలతో పడలేదు. డ్రమ్ములకూ బేస్‌కూ కొత్తవాళ్లొచ్చారు. ఇంత గందరగోళంలోనూ వచ్చిన రికార్డు మాత్రం గొప్పది. మొదటి పాటే ఎనిమిది నిమిషాలు, స్లిప్ ఇన్‌సైడ్ దిస్ హౌస్. స్టేసీ గిటారు గుహలోంచి వస్తున్నట్టు ప్రతిధ్వనిస్తుంటే, దాని మీద రాకీ గొంతు తొలి రోజుల కేకలు మానేసి నిదానంగా, దాదాపు ప్రార్థనలా నడుస్తుంది. టామీ రాసిన తత్త్వం నాకు ఎక్కడైనా మింగుడు పడిందంటే అది ఇక్కడే. రాకీ పాడితే అది తత్త్వంలా వినపడదు, నిజంగా ఏదో చూసి వచ్చి చెబుతున్నట్టుంటుంది. నాకు దిగులు వేసేది కూడా అక్కడే. రాసినవాడికి అది ఆలోచన. పాడినవాడు అందులో కాపురం పెట్టాడు.

1968లో సాన్ ఆంటోనియో నగరంలో హెమిస్‌ఫెయిర్ అని ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడి వేదిక మీద రాకీ మాటలు తడబడ్డాయి, ఏం మాట్లాడుతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. వైద్యులు పారనాయిడ్ స్కిజోఫ్రీనియా అన్నారు. అప్పటికి అతనికి ఇరవై నిండాయి. ఆ జబ్బు సాధారణంగా బయటపడే వయసే అది. ఎల్ఎస్‌డీయే తెచ్చిందని తేల్చి చెప్పడం తేలిక, రుజువు చేయడం కష్టం. గాలి వీస్తున్న ఇంట్లో నిప్పు పెట్టారని మాత్రం అనవచ్చు.

కంపెనీ ఊరుకోలేదు. స్టూడియోలో మిగిలిపోయిన ముక్కలకు ఎక్కడివో చప్పట్లు అతికించి, లైవ్ అని పేరు పెట్టి ఒక రికార్డు అమ్మింది. జనం లేని గదిలో పాడిన పాటకు జనం కేరింతలు! 1969లో నాలుగోది బుల్ ఆఫ్ ది వుడ్స్ వచ్చేసరికి బృందమే లేదు. అది ఎక్కువగా స్టేసీ సదర్లాండ్ ఒంటరిగా నెట్టుకొచ్చిన రికార్డు, రాకీ అక్కడక్కడా వినిపిస్తాడు. లోకం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు గాని, స్టేసీ ఏం చేయగలడో తెలియాలంటే అదే వినాలి.

మీ పిల్లలు ఆస్టిన్‌లో ఉంటే మిమ్మల్ని మౌంట్ బోనెల్‌కు తీసుకెళ్లే ఉంటారు. మెట్లెక్కి పైకి వెళితే కింద కొలరాడో నది వంపు తిరిగి కనిపిస్తుంది, అందరూ ఫొటోలు దిగుతారు. టెక్సస్‌లోని మన తెలుగు కుటుంబాలకు బాగా అలవాటైన గుట్ట. 1969లో రాకీ ఎరిక్‌సన్‌ను పోలీసులు పట్టుకున్నది అక్కడే. దొరికింది ఒక్క గంజాయి సిగరెట్టు. ఏళ్ల తరబడి జైలు పడవచ్చు. అది తప్పించడానికి, మతిస్థిమితం లేనందున నిర్దోషి అనే వాదన ఎంచుకున్నారు. మొదట ఆస్టిన్ ఆసుపత్రిలో పెట్టారు. అక్కణ్ణుంచి పారిపోతుంటే, రస్క్ అనే ఊళ్లో నేరస్థులైన మానసిక రోగులను ఉంచే ఆసుపత్రికి పంపారు. 1972 దాకా అక్కడే. ఆ ఏళ్లలో కరెంటు షాకులు, థోరజీన్ అనే మందు. అప్పటికి వైద్యం అదే, నిజమే. కానీ ఒక్క సిగరెట్టుకు మూడేళ్లు హంతకుల మధ్య! అక్కడ కూడా తోటి ఖైదీ రోగులతో ఒక బృందం కట్టి పాడాడు. కవితలు రాశాడు, అవి పుస్తకంగానూ వచ్చాయి.

మత్తుమందులు ఒక గొప్ప గాయకుణ్ణి బలి తీసుకున్నాయి అని ఈ కథను ఒక్క వాక్యంలో ముగించేవాళ్లుంటారు. మందు వాటా మందుది, కాదనను. కానీ ఆ వాక్యంలో గురువు ఉండడు, చట్టం ఉండదు, దొంగ చప్పట్లు అతికించిన కంపెనీ ఉండదు. పదమూడో అంతస్తుకు ఎక్కించడానికి లిఫ్టు ఉంది, దిగేటప్పుడు నొక్కే మీట ఎవరూ పెట్టలేదు. మౌంట్ బోనెల్ నుంచి రస్క్ దాకా అతన్ని నడిపించినవాళ్లంతా మత్తులో లేనివాళ్లే.

స్టేసీ సదర్లాండ్ కథ ఇంకా పొట్టిది. 1978 ఆగస్టులో హ్యూస్టన్‌లోని ఇంట్లో గొడవ జరిగి, భార్య చేతి తుపాకీ పేలి చనిపోయాడు. ముప్పై రెండేళ్లు.

ఈలోగా ఒక విచిత్రం. బృందం పోయాక పేరు పెరిగింది. 1972లో లెనీ కే అనే పాత్రికేయుడు, తరువాత గిటారిస్టుగా పేరు పొందినవాడు, మరుగునపడ్డ పాటలు ఏరి నగెట్స్ అనే సంకలనం తెచ్చాడు. అందులో రాకీ కేక మళ్లీ వినిపించింది. హ్యూస్టన్‌లో బిల్లీ గిబన్స్ అనే కుర్రాడు ఎలివేటర్స్ జోరుగా ఉన్న రోజుల్లోనే తన బృందానికి మూవింగ్ సైడ్‌వాక్స్ అని పేరు పెట్టుకుని, తొంభైతొమ్మిదో అంతస్తు మీద పాట కట్టాడు. వాళ్లు లిఫ్టయితే మేం కదిలే కాలిబాట అన్నట్టు. అతనే ఆ తరువాత జీజీ టాప్ అనే బృందంతో ప్రపంచమంతా తిరిగాడు.

రాకీ మాత్రం ఆస్టిన్‌లో, పేదరికంలో. మధ్యలో కొన్ని మంచి రికార్డులు చేశాడు, దయ్యాల మీదా భూతాల మీదా పాటలు. 1982లో తన ఒంట్లో అంగారకుడి వాసి ఒకడు చేరాడని కాగితం రాయించి సంతకం పెట్టాడు. తల్లి చూసుకుంటూ వచ్చింది, ఆమెకు మందుల మీద నమ్మకం లేదు. అతని మీద 2005లో వచ్చిన డాక్యుమెంటరీలో ఒక గది కనిపిస్తుంది. రేడియోలూ టీవీలూ అన్నీ ఒక్కసారిగా పెద్ద గొంతుతో మోగుతుంటాయి, కొన్నింట్లో స్టేషనే ఉండదు, బరబరమని ఉత్త చప్పుడు. ఆ హోరు మధ్యనే అతను నిద్రపోతాడు. రేడియోలో మాట్లాడే నాబోటివాడికి ఆ గది చూస్తే గొంతు తడారిపోతుంది.

ఇప్పుడు ట్యూబా. రాకీ అందరికంటే చిన్న తమ్ముడు సమ్నర్ ఎరిక్‌సన్ పిట్స్‌బర్గ్ సింఫనీ ఆర్కెస్ట్రాలో ట్యూబా వాయించేవాడు. 2001లో కోర్టుకెళ్లి అన్న సంరక్షణ తన చేతికి తీసుకున్నాడు. మనోవైద్యం మొదలుపెట్టించాడు, పుచ్చిపోయిన పళ్లు బాగుచేయించాడు, పాటల మీద రావలసిన సొమ్ము లెక్కలు తేల్చే పనిలో పడ్డాడు. బీదవాడి ట్యూబా పట్టినవాడు అన్నను పైకి తీసుకెళ్లాడు. నిజం ట్యూబా వాయించేవాడు, మూడు దశాబ్దాలు దాటాక, చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

నాలుగేళ్లలో రాకీ మళ్లీ వేదికెక్కాడు. 2005లో ఆస్టిన్‌లో, ఇరవై ఏళ్ల తరువాత తొలిసారి, పూర్తి కచేరీ చేశాడు. ఆ ఊళ్లోని సైకెడెలిక్ సంగీతోత్సవానికి ఎలివేటర్స్ పాట పేరే పెట్టుకున్నారు, లెవిటేషన్ అని. 2015 మే నెలలో, బృందం పుట్టి యాభై ఏళ్లు కావస్తుండగా, ఆ ఉత్సవంలో రాకీ, టామీ హాల్, జాన్ ఐక్ వాల్టన్, రానీ లెదర్‌మన్ ఒకే వేదిక మీద నిలబడ్డారు. ఒకప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక విడిపోయినవాళ్లు. డెబ్బై దాటిన టామీ జాడీ ఎత్తి, మూతికి మైకు ఆనించాడు.

రాకీ 2019 మే 31న పోయాడు. డెబ్బై ఒక్క ఏళ్లు.

మొదట్లో చెప్పిన ఆ పాట, యూ ఆర్ గోనా మిస్ మీ, రెండున్నర నిమిషాల కంటే ఎక్కువ ఉండదు. ఎక్కడైనా తగిలితే వినండి. వెనకాల గుడగుడమంటుంటే మాత్రం టేపు నలిగిందనుకోకండి.